అమీనుద్దీన్ తన్నని కెటిల్

మొన్న కొండపాకలో ఒక పెళ్లికి పోయాను. బంతిలో కూర్చున్నాక, బగారన్నం వడ్డిస్తున్న ఒకాయన నా విస్తరి దగ్గర వంగి అడిగాడు.

"మీది సిద్దిపేటనే గదా అవ్వా? సకల జనుల సమ్మెప్పుడు టెంటు కాడ తెలంగాణ పటం మీద చాయ్ కెటిల్ తన్నిన కండక్టర్, మీ గల్లీలోడేనట గదా?"

ఒంటి మీద కారం చల్లినట్టయింది నాకు. లేచి పోదామనుకున్నాను. కానీ వెనకనే మటన్ బకెట్ వస్తున్నది, అందుకని కూర్చొనే కోప్పడ్డాను.

"తన్నంగ నువ్వు చూసినవా?"

"లేదవ్వా. అందరంటుంటే విన్న."

"గా అందరిని పిలువు. ఒక్కొక్కన్ని అడుగుత."

అతను ఎవరినీ పిలవలేదు. మటన్ బకెట్ పట్టుకున్నవాడికి నా వైపు చూపించి ఏదో చెప్పాడు, నాకు రెండు ముక్కలే పడ్డాయి. అందుకే ఇది రాస్తున్నాను. ఆ కెటిల్‌ను ఎవరూ తన్నలేదు. తగిలింది మోచెయ్యి. నిజాన్ని మైకులో చెప్పినా పాత బస్టాండు దాటలేదు, అబద్ధం మాత్రం మైకు లేకుండానే కొండపాక చేరింది.

అమీనుద్దీన్ మా పక్కింటి మనిషి. ఆయనకు ఉన్నది ఒకటే రోగం. ఎవరైనా ఒకచోట నిలబడి కనిపిస్తే కోపం వస్తుంది. మామూలు కోపం కాదు. మెడ నరాలు తాళ్లలా లేస్తాయి, మీసం ఒక పక్క పైకి పోతుంది, ఆ తర్వాత గల్లీ చివర కట్టేసిన మేక కూడా గడ్డి వదిలి నడిచేంత గట్టిగా ఒక అరుపు వస్తుంది.

"ఏయ్! ఎవల కోసం నిలవడ్డవ్ గాడ? ముందుకు నడువు! లోపట మస్తు జాగ ఉన్నది!"

తప్పు ఆయనది కాదు, ఆ కొలువుది. బతుకంతా బస్సు కండక్టరు. కొమురవెల్లి జాతర రోజుల్లో బస్సులో మనుషులు ఒకరి కాళ్ల మీద ఒకరు నిలబడి ఊపిరి కూడా వంతులవారీగా తీసుకుంటున్నప్పుడు సైతం, ఆయన లెక్కలో లోపల జాగ ఉండేది. తర్వాత రిటైరయ్యాడు. బస్సు డిపోలో ఉండిపోయింది, అరుపు ఆయన వెంట ఇంటికి వచ్చింది.

రేషన్ దుకాణం ముందర ఒకసారి అరిచాడు. లైను ఎంత ముందుకు జరిగిందంటే డీలరు పోయి బియ్యం బస్తాల వెనక ఇరుక్కున్నాడు. మా తమ్ముని బిడ్డ పెళ్లిలో స్టేజీ మీద జనం ఫోటోల కోసం గుమిగూడితే ఈయనకు ఆగలేదు. "దిగినోళ్లు దిగున్రి! ఎనకోళ్లు ఎక్కాలె! ముందుకు నడువున్రి!" ఆ అరుపుకు పెళ్లికొడుకు కూడా లేచి మెట్లు దిగిపోయాడు. పిల్ల మేనమామ వెంట పడి తెచ్చి మళ్లీ కూర్చోబెట్టాడు.

ఆయన భార్య వజీరాబీ బాధ ఇంకోటి. "నిద్రల గూడ ఊకుంటలేడు కొమురక్కా. 'సర్కో, ఆగే సర్కో' అనుకుంట కలవరిస్తడు. నేను గూడ నిద్రలనే జరుగుత. మొన్న మంచం మీదికెల్లి కింద పడ్డ."

నన్నైతే అసలు నిలబడనివ్వడు. నలుగురి సంగతులు తెలిసి ఉండాలని నా ఆశ. వాటికోసం వాకిట్లో కాసేపు నిలబడాలా వద్దా?

"కొమురక్కా! ఎంత సేపాయె గీడనే ఉన్నవ్. నీ స్టేజీ ఇంక రాలేదా?"

"నీకేమైతుంది భాయ్? వాకిలి నాది, కాళ్లు నావి."

"కాళ్లు నీవే. తొవ్వ అందరిది. నడువు!"

ఇలాంటి మనిషి ఉద్యమంలోకి వచ్చాడు. అదీ ఎలాంటి ఉద్యమం! ఎక్కడికక్కడ కూర్చునే ఉద్యమం. పాత బస్టాండు దగ్గర రిలే దీక్షల టెంటు. రోజుకు కొంతమంది మెడలో దండలు వేసుకుని పొద్దంతా తినకుండా కూర్చుంటారు. వరుసగా అంతమంది కదలకుండా కూర్చున్నది చూసేసరికి అమీనుద్దీన్‌కు బీపీ లేచింది.

"గిట్ల సల్లగ కూసుంటె తెలంగాణ నడుసుకుంట వస్తదా మీ తాన్కి? లేవున్రి!"

టెంటు పనులు చూసే పర్శరాములు చేతులు జోడించాడు. "చాచా, గిది దీక్ష. కూసునుడే పని."

"నిరాహార దీక్ష అని రాసిన్రు గా బ్యానర్ మీద. కూసునే దీక్ష అని రాయలే."

ఆయన వంతు వచ్చిన రోజున మెడలో దండ వేసుకుని పొద్దంతా టెంటు చుట్టూ తిరుగుతూ దీక్ష చేశాడు. ఫోటో తీసినవాడికి ఎన్నిసార్లు తీసినా వీపే పడింది.

ఆ టెంటుకు గొంతు లక్ష్మీబాయి. మా గల్లీలోనే ఇల్లు. ఆమె పాట ఎత్తుకుంటే బస్టాండులో టికెట్ కొన్నవాళ్లు కూడా బస్సు వదులుకుని వచ్చి కూర్చునేవాళ్లు. పాటకొక గిలాస చాయ్ పడాలి ఆమెకు. టెంటుకు చాయ్ పోసే బుచ్చిరాములు ఆమె పాట చివరి చరణంలోకి రాగానే కెటిల్ ఎత్తేవాడు.

ఒకరోజు పొద్దున వాకిట్లో నిలబడి ఉన్నాను. లక్ష్మీబాయి చేతిలో సంచితో పోతున్నది. వెనక నలుగురు మనుషులంత దూరంలో అమీనుద్దీన్, ఎవరో తెలియనివాడిలా పోతున్నాడు. వెంట పోయి చూస్తే, బస్టాండులో ఇద్దరూ హైదరాబాద్ బస్సు ఎక్కారు. ఆమె ముందర, ఈయన వెనక. నాకు హైదరాబాద్‌లో ఏ పనీ లేదు. వాళ్లకేం పని ఉందో తెలుసుకునే పని ఉంది. నేనూ ఎక్కాను.

ప్రజ్ఞాపూర్ వచ్చేలోగా విషయం కక్కించాను. వారం కింద టెంటు స్టేజీ ఎక్కుతూ లక్ష్మీబాయి నడిమెట్టు మీద ఆగిపోయిందట. ఛాతీ మీద బండ పెట్టినట్టయిందట. అమీనుద్దీన్ అలవాటుగా "ఎవల కోసం నిలవడ్డవ్?" అని అరిచి, ముఖం చూసి, ఆ అరుపు సగంలోనే మింగి, ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడట. గుండెకు రక్తం సరిగా అందుతుందో లేదో హైదరాబాద్‌లో ఫోటో పరీక్ష చేయించమని ఆ డాక్టర్ రాసిచ్చాడు. తేడా ఎక్కువ ఉంటే ఆపరేషన్.

"నా కొడుకు సుధాకర్‌కు తెల్వొద్దు కొమురక్కా," అంది లక్ష్మీబాయి. "తెలిస్తే నన్ను మంచంల పండవెట్టి, చుట్టాలకందరికి ఫోన్లు చేస్తడు. టెంటు మొఖం సూడనియ్యడు. ముందటికి బతుకమ్మ వస్తుంది. తొవ్వల మీద బతుకమ్మ ఆడుదమని ఆడోళ్లంత నా మీదనే ఆశ వెట్టుకున్నరు. భాయ్ ఒట్టేసిండు. నువ్వు గూడ వెయ్యి."

నా కడుపులో మాట ఆగదని సిద్దిపేటకంతా తెలుసు. అయినా వేశాను. ఆ ఒట్టు నన్ను ఎంత ఏడిపించిందో తర్వాత చెబుతాను.

హైదరాబాద్‌లో ఆ గుండె ఫోటోల దవాఖాన చల్లగా ఉంది. డాక్టరమ్మ నవ్వుముఖం మనిషి. మొదటి మాటే అడిగింది. "నిన్నటి నుంచి చాయ్, కాఫీ ఏమీ ముట్టలేదు కదా?"

"ఏం తినలే అమ్మా, పరిగడుపునే వచ్చిన," అంది లక్ష్మీబాయి గర్వంగా. "బస్టాండుల ఒక్క చాయ్ తాగిన, గంతే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చాయ్ తాగొద్దని ఫోన్లో చెప్పాం కదా."

"పరిగడుపున రమ్మన్నరు గదమ్మా. చాయ్ తింటరా? శనివారం ఉపవాసం నాడు గూడ తాగుత. దేవుడే ఏమనడు."

దేవుడు ఏమనలేదు గానీ అమీనుద్దీన్ అన్నాడు. ఆ చల్లటి హాలంతా వేడెక్కేలా అన్నాడు. డాక్టరమ్మ ఆయన్ని ఆపి మాకు విడమర్చి చెప్పింది. మామూలుగా ఈ పరీక్షకు కదిలే మిషన్ పట్టా మీద ఎత్తు ఎక్కుతున్నట్టు వడిగా నడవాలి. లక్ష్మీబాయి మోకాళ్లకు అంత వడి రాదు. అందుకని నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది గుండె నాళాలను తెరుస్తుంది. మంచి నాళం బాగా తెరుచుకుంటుంది, అడ్డం ఉన్న నాళం అంతగా తెరుచుకోదు, ఆ తేడా ఫోటోలో తెలుస్తుంది. చాయ్‌లో ఉండే గుణం ఆ మందును పని చేయనివ్వదు. ముందు రోజు నుంచే మానేయాలి.

"మందు ఎక్కిస్తే పండుకోవాల్నా?" అని నేనడిగాను. అన్నీ అడిగి తెలుసుకోవడం మంచిది.

"పడుకోబెట్టి కూడా ఇవ్వొచ్చు. కానీ ఆ మందు ఒక్కటే పోతే కొందరికి ఒళ్లు వేడెక్కుతుంది, తలనొప్పి వస్తుంది, కడుపులో తిప్పుతుంది, ఛాతీ పట్టేసినట్టుంటుంది. అది ఎక్కుతుండగా మెల్లగా నడిస్తే ఆ బాధలు తగ్గుతాయి. ఫోటో కూడా తేటగా వస్తుంది, ఫోటో కోసం ఎక్కించే ఇంకో మందు పొట్ట దగ్గర వెలిగి గుండెకు అడ్డం రాదు. అసలు పని మందుది. నడక దానికి తోడు. ఈమె మెల్లగా నడవగలదు కాబట్టి రెండూ కలిపి చేద్దాం."

నడక అన్న మాట వినేసరికి అమీనుద్దీన్ ముఖంలో నేనెప్పుడూ చూడని శాంతి కనిపించింది. చదువుకున్నవాళ్లలో తన మాట చెప్పే మనిషి ఇన్నేళ్లకు ఒకరు దొరికారు.

ఆ రోజు పరీక్ష కాలేదు. ఫోటోకు వాడే మందు పొద్దున వస్తే సాయంత్రానికి బలం పోతుందట, దాచుకోవడానికి ఉండదు. ఇంకో తేదీ ఇచ్చింది. "ఈసారి చాయ్ తాగి వస్తే మాత్రం నాకు కోపం వస్తుంది," అంది. అమీనుద్దీన్ "మీ కోపం నేను చేస్త," అన్నాడు.

ఆ తేదీ వచ్చేలోపు సకల జనుల సమ్మె మొదలయింది. బస్సులు ఆగాయి, బడులు మూసారు. టెంటు ముందర ఆడవాళ్లంతా కలిసి పెద్ద ముగ్గేశారు. తెలంగాణ పటం, జిల్లాకొక రంగు, అంచంతా బంతిపూలు. రేపు పరీక్ష అనగా, ముందు రోజు సాయంత్రం లక్ష్మీబాయి ఆ ముగ్గు పక్కన నిలబడి పాట ముగించింది. బుచ్చిరాములు వచ్చి గిలాస అందించాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. సిద్దిపేటలో చాయ్ వద్దనడం అంత సులువు కాదు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతారు. జ్వరమా, అలిగినవా, ఇంట్లో కొట్లాటనా అని అడుగుతారు. పాటకొక గిలాస తాగే లక్ష్మీబాయి వద్దంటే టెంటంతా లేచి వచ్చి అడుగుతుంది. ఆ భయానికి ఆమె గిలాస చేతిలోకి తీసుకుంది. ఊరికే పట్టుకుని నిలబడదామనుకుందట. కానీ ఆ చెయ్యికి ఏళ్ల అలవాటు, గిలాస దానంతటదే మూతి దాకా లేచింది.

అవతలి వైపు నుంచి అమీనుద్దీన్ ఉరికొచ్చాడు. వచ్చిన ఊపున గిలాస గుంజాడు. గుంజిన ఊపున మోచెయ్యి పోయి బుచ్చిరాములు చేతిలోని కెటిల్‌కు తగిలింది. కెటిల్ బోర్లా పడింది. వేడి వేడి చాయ్ ఆదిలాబాద్‌లో మొదలై, కరీంనగర్ రంగు కలుపుకుని, మా మెదక్ మీదుగా ఖమ్మం దాకా పారింది.

టెంటంతా ముగ్గు చుట్టూ మూగింది. తర్వాత పర్శరాములు గొంతు లేచింది.

"ఏంది చాచా గిది? తెలంగాణ మీద చాయ్ పోస్తవా? ఆడామె చేతులకెల్లి గిలాస గుంజుతవా? అసలు నువ్వు ఎవల దిక్కు?"

అమీనుద్దీన్ మీసం పైకి పోయింది. నరాలు లేచాయి. లక్ష్మీబాయి ముఖం తెల్లబోయి ఆయన వైపే చూస్తున్నది. ఆయన నోరు తెరిచి అన్నాడు కదా:

"చాయ్ల శక్కర ఎక్కువైంది! గిసొంటి చాయ్ తాపుకుంట ఉద్యమం చేస్తరా? థూ!"

బుచ్చిరాములు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇన్నేండ్లాయె భాయ్ పోయవట్టి. ఒక్కడు పేరు వెట్టలే నా చాయ్‌కు."

"నేను వెడ్తున్న! పానకం గది!"

అంతే. తిట్లు మొదలయ్యాయి. దీక్షకు కూర్చునేవాళ్ల వరుసలోంచి ఆయన పేరు తీసేస్తున్నామని పర్శరాములు అక్కడికక్కడే మైకులో చెప్పాడు. నాకు నాలుక చివర దాకా వచ్చింది నిజం. ఒట్టు గుర్తొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ కొంగు ఇప్పటికీ ఉన్నది, పంటిగాట్లతో.

తెల్లారేసరికి నల్లా దగ్గర ఆడవాళ్లు అంటున్నారు: కండక్టర్ కెటిల్ తన్నిండట, పటాన్ని చెప్పుకాళ్లతో తొక్కిండట. వజీరాబీ సగం బిందెతోనే ఇంటికి పోయింది. ఆమెకు కూడా చెప్పలేదు ఆ మొండిమనిషి.

మేము ముగ్గురం కిరాయి జీపులో బయల్దేరాం. ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో రాస్తారోకో. పిల్లలు రోడ్డుకు అడ్డంగా గుంపుగా నిలబడ్డారు. దవాఖానకు అంటే వదిలేవాళ్లే, మంచి పిల్లలే. కానీ అందులో ఇద్దరు ఆమె కొడుకు సుధాకర్ పంతులు దగ్గర చదువుకున్నవాళ్లు, ఆమెను చూస్తే ఆయనకు చెప్పేస్తారు. లక్ష్మీబాయి కొంగు ముఖం మీదికి లాక్కుని నా ఒళ్లో పడుకున్నది. ఏం చేయాలిరా భగవంతుడా అని నేననుకుంటుండగానే అమీనుద్దీన్ జీపు దిగాడు. అంతమంది ఒకచోట నిలబడి ఉన్నారు. ఆయనకు మళ్లీ ఆగలేదు.

"ఏయ్! రాస్తారోకో అంటె గిట్లనా? గుంపు గుంపు నిలవడ్డరు, గొర్లా మీరు? ఇద్దరిద్దరు వరుస కట్టున్రి! ఎండల ఎందుకు ఎండుతున్రు, గా నీడ దాక జరుగున్రి! ముందుకు నడువున్రి! ఎనకోడు నినాదం ఇయ్యాలె!"

ఆ రాస్తారోకో మొత్తం వరుస కట్టి, నినాదాలిస్తూ, రోడ్డు పక్క నీడలోకి నడిచిపోయింది. మా జీపు ఖాళీ రోడ్డు మీద ముందుకు సాగింది. వెనక ఒకడు ఇంకొకడిని అడగడం వినపడింది. "ఈ సార్ జేఏసీల పెద్ద లీడరా?"

దవాఖానలో లక్ష్మీబాయి ఒంటికి తీగలు అతికించారు, చేతి నరంలో సూది పెట్టారు, పట్టా మీద నిలబెట్టారు. అమీనుద్దీన్, నేను తలుపు దగ్గర నిలబడ్డాం. పట్టా కదిలింది. ఆమె నడుస్తున్నది, కానీ ఉన్నచోటనే ఉన్నది. అది చూసి ఆయనకు లోపలి నుంచి కోపం తన్నుకొచ్చింది.

"గిదేం బండి అమ్మా? ఎంత నడిచినా ఏ ఊరూ రాదు!"

"మీరు మాట్లాడొద్దు," అంది డాక్టరమ్మ. మందు మొదలుపెట్టింది.

కాసేపటికి లక్ష్మీబాయి ముఖం ఎర్రబడింది. చెమట పట్టింది. పక్కనున్న కడ్డీ గట్టిగా పట్టుకున్నది. కాళ్లు తడబడ్డాయి.

"ఆపున్రి. నాతోని గాదు. ఛాతీ పట్టేస్తుంది. నేను పోతున్న."

"మందు ప్రభావం అమ్మా, మామూలే. తెర మీద మీ గుండె బాగానే కొట్టుకుంటున్నది, నేను చూస్తూనే ఉన్నాను. నడక ఆపకండి, మెల్లగా నడవండి. నడిస్తేనే తగ్గుతుంది. మరీ కష్టమైతే నేనే ఆపేస్తాను."

లక్ష్మీబాయి వినడం లేదు. కళ్లు మూసుకుంది. ఆమె అప్పటికే ఆపరేషన్ బల్ల మీద ఉంది, సుధాకర్ అప్పటికే ఏడుస్తున్నాడు, బతుకమ్మ ఆమె లేకుండానే అయిపోయింది. అదంతా ఆమె ముఖంలో నాకు కనిపించింది. ఇప్పుడు దిగితే రెండోసారి కూడా పరీక్ష పోయినట్టే. మళ్లీ రమ్మంటే ఆమె రాదు.

అప్పుడు పేలింది ఆ అరుపు. అద్దాలు గలగలమన్నాయి.

"ఏయ్ లక్ష్మీబాయి! ఎవల కోసం నిలవడ్డవ్ గాడ? ఎనకోళ్లు ఎక్కద్దా? ముందుకు నడువు!"

ఆమె కళ్లు తెరిచింది. "ఎనక ఎవలున్నరు భాయ్ గీడ?"

"కొమురక్క ఉన్నది! ఆమెకు టికెట్ కొట్టాలె! నడువు! గీ నడకతోని బతుకమ్మ ఆడుతవా నువ్వు? నువ్వు ఒక్క సుట్టు తిరిగేలోపు పూలు ఎండిపోతయ్!"

"ఏమన్నవ్?"

"నీ పాటకు గూడ గట్లనే! ఆడోళ్లు చప్పట్లు కొట్టేది దోమలకు!"

"నీ నోట్ల మన్ను వడ!" అంది లక్ష్మీబాయి. కాళ్లు కదిలాయి. "దోమలకా? దోమలకా కొట్టేది? నువ్వు టెంటు సుట్టు తిరుగుతుంటే దుడ్డె కట్టు తెంపుకున్నట్టుండె! మేమేమన్న అన్నమా?"

"నడువు! నోరు తర్వాత!"

"నడుస్త! నీ ఎదురంగనే నడుస్త!"

నడిచింది. తిడుతూ నడిచింది. ఆయన ఒకటి అంటే ఆమె రెండు అంటూ నడిచింది. ఛాతీ పట్టేసిందన్న సంగతే మరిచిపోయింది. చివరికి ఆమె కడ్డీ వదిలి, వేలు చూపిస్తూ, పట్టాను కూడా దాటిపోయేలా నడుస్తుంటే డాక్టరమ్మ కంగారుపడింది.

"అమ్మా, మెల్లగా! ఇది తేలిక నడక! పరుగు కాదు! అయ్యా, మీరు బయటికి నడవండి!"

బతుకంతా అందరినీ నడువు నడువు అన్న మనిషిని ఒకరు నడవమన్నారు. నడిచాడు.

ఫోటో మందు కూడా ఎక్కించి, కాసేపు ఆగాక ఆమెను కెమెరా బల్ల మీద చేతులు తల వెనక్కి పెట్టి పడుకోబెట్టారు. అక్కడ ఊపిరి తప్ప ఏదీ కదలకూడదు. బయటి అద్దంలోంచి అమీనుద్దీన్ చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఒక మాట గొణిగాడు, ఆయన నోట ఆ మాట అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ ఎవరూ వినలేదు.

"కదలకు తల్లీ. జర గట్లనే ఉండు."

సాయంత్రం డాక్టరమ్మ ఫోటోలు చూసి చెప్పింది. చిన్న తేడా ఉంది, ఆపరేషన్ అక్కర్లేదు, గోళీలు రోజూ తప్పకుండా మింగాలి, పాడుకోవచ్చు, ఆడుకోవచ్చు. ఫోటో చాలా తేటగా వచ్చిందని కూడా అన్నది. "తిట్లు కలిపి చేసిన పరీక్ష ఇదే మొదటిది," అని నవ్వింది.

మేము తిరిగొచ్చేసరికి సిద్దిపేటలో కెటిల్ కథ పెరిగి పెద్దదై ఉంది. అమీనుద్దీన్ ఎవరికీ ఒక్క ముక్క జవాబు చెప్పలేదు. టెంటులోకి రావద్దన్నారు కాబట్టి రోడ్డుకు అవతల, మూసేసిన దుకాణం మెట్ల దగ్గర నిలబడేవాడు. నిలబడేవాడంటే నిలబడేవాడే! ఎప్పుడూ ఎవరినీ నిలబడనివ్వని మనిషి, పొద్దంతా అక్కడే, కదలకుండా. చూడలేక నాకే అరవాలనిపించింది.

లక్ష్మీబాయి రెండు రోజులు ఓర్చుకుంది. మూడోనాడు స్టేజీ మెట్లు మెల్లగా ఎక్కి, పర్శరాములు చేతిలోంచి మైకు గుంజుకుంది.

"గా గిలాస నాది! నాకు గుండె పరీక్ష ఉండె. చాయ్ తాగితే పరీక్ష ఖరాబైతది. గందుకే గాయిన గుంజిండు. ఎవలకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న. గందుకే మీ తిట్లన్ని తిన్నడు. బుచ్చిరాములు తమ్మీ, నీ చాయ్ల శక్కర మంచిగనే ఉంటది. నా గుండె గూడ మంచిగనే ఉన్నది, గోళీలు సాలన్నరు. ఇగ ఎవలన్న అయ్యో పాపం అంటిరా, గీ మైకుతోనే కొడ్త!"

జనంలోంచి సుధాకర్ లేచాడు. ముఖం పాలిపోయింది. "అమ్మా, నాకొక్క మాట..."

"కూసో బిడ్డా. పాటైనంక మాట్లాడుదం."

ఆమె పాట ఎత్తుకుంది. పర్శరాములు రోడ్డు దాటి అమీనుద్దీన్ దగ్గరికి ఉరికాడు. నేనూ వెనకనే ఉరికాను, ఏమంటాడో వినొద్దా?

"చాచా, తప్పయింది. మాఫ్ చెయ్యి. రేపటి దీక్షల నీదే ముందు పేరు."

"నడిరోడ్డు మీద నిలవడి మాఫీ అడుగుతవా?" అని అరిచాడు అమీనుద్దీన్. "ఎనక సైకిళ్లు ఆగినయ్, కనవడ్తలేదా? నడువు!"

వజీరాబీ ఆ రాత్రి కోపంతో ఆయనకు అన్నం పెట్టలేదట, తనకెందుకు చెప్పలేదని. తెల్లారి సేమ్యా చేసి పెట్టిందట.

నాకు మాత్రం ఒక్కటి అర్థం కాలేదు. అర్థం కానిది కడుపులో పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. మర్నాడు ప్రహరీ మీది నుంచి నిలదీశాను.

"భాయ్, నిజం చెప్పు. ద్రోహి అన్నరు. నీ పేరు తీసేసిన్రు. నీ పెండ్లాం నల్ల కాడ తలకాయ దించుకున్నది. గా నిమిషంల 'ఆమెకు పానం బాగలేదు' అని ఒక్క మాట అంటె అయిపోతుండె గదా? ఒట్టంటవా, పానం మీదికొస్తే ఒట్టు తీసి గట్టు మీద పెట్టొచ్చు. గా శక్కర కథ ఎందుకు వెట్టినవ్?"

ఆయన మీసం మామూలుగానే పైకి పోయింది.

"చెప్తే ఏమైతుండె కొమురక్కా? టెంటు టెంటంత యాపిల్ పండ్లు వట్కొని ఆమె ఇంటికి పోతుండె. అందరికన్న ముందు నువ్వే పోతుంటివి. మంచం సుట్టు కూసొని, 'అయ్యో, ఎట్లుండెటామె ఎట్లయిపాయె' అని మొఖాలు ఏలాడేద్దురు. గట్ల పది మంది అంటె గుండె మంచిగున్నోడు గూడ పోతడు. నాకేమైంది? తిట్టిన్రు, గంతే గదా? తిట్లు నాకు మంచిగ అరుగుతయ్. జాలి ఆమెకు అరుగది."